గుండ్లకమ్మ ఒడ్డున పునరుత్థాన విశ్వాసము

మార్చి 21వ తేదీన గాని, ఆ తరువాత గాని వచ్చు పౌర్ణమికి పిమ్మటి ఆదివారమును క్రైస్తవులు ఈస్టరు పండుగగా జరుపుకొందురు. సిలువపై మరణించిన యేసు మూడవనాడు సమాధినుండి లేచెనని వారి విశ్వాసము. కష్టకాలమున ఈ విశ్వాసము మానవునకు ఎట్లు ఆసరా కాగలదు? మన తెలుగుసీమలో జరిగిన ఒక సంఘటనను బట్టి దీనిని తెలిసికొనవచ్చును.

1876-78 నాటి మహాక్షామమున వరుసగా వానలు తప్పినవి. ధాన్యపు ధరలు మిన్నంటినవి. చెన్నపురి రాజధానిలో లక్షలాది ప్రజలు ఆకలికి, ఆ వెంటనే వచ్చిన అంటురోగములకు ఆహుతియైరి. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీ ఉండెను. ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పార, తట్ట పట్టినవారిలో పెక్కుమంది సంఘము అంటరానివారని దూరముంచిన మాదిగలు.

పని నడుమ విశ్రాంతివేళలలో బోధకులు వారికి క్రీస్తు కథ వినిపించిరి. పలువురు బాప్తిస్మము కోరిరి. కాని కూటికొరకు మతమున చేరిరను మాట రాకూడదని క్లౌ దొర ఆ క్షామకాలమున ఎవరికిని బాప్తిస్మమీయలేదు. అటుపిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు ఆశ్రయమును, ఆత్మగౌరవమును కోరి వచ్చిరని చెప్పువారును కలరు. ఒకరి అంతరంగమును మరియొకరు తూచుట ఎవరి తరము?

నీట మునుగుట క్రీస్తుతో కూడ సమాధి చేయబడుటకును, పైకి లేచుట ఆయనతో కూడ నూతన జీవమున ప్రవేశించుటకును గుర్తని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో వివరించెను. రెండేండ్లుగా అయినవారిని పూడ్చిపెట్టుచు వచ్చిన ఆ జనులకు ఈ అర్థమును వేరుగా బోధింపనక్కరలేదు.

లేచిన క్రీస్తు చేతులలో మేకుల గాయములు అట్లే ఉండెనని, తోమా అను శిష్యుడు వానిని చూచెనని సువార్త చెప్పును. జరిగిన దుఃఖమును ఈ విశ్వాసము కాదనదు. తుదిమాట దానిది కాదని మాత్రము చెప్పును. అందుచేతనే నేటికిని అనేక తావులలో తెలుగు క్రైస్తవులు ఈస్టరు వేకువను, ఇంకను చీకటి విడకముందే, సమాధుల తోటకు పోయి క్రొవ్వొత్తులు వెలిగింతురు.

మనము ఏ మతమువారమైనను ఆ కాలువగట్టును తలచుకొనదగును. అచ్చట ఆశ మొదట పనిగాను, కూలిగాను వచ్చినది. మాటగా వచ్చినది ఆ పిదపనే.