వెనక కాళ్ళు లేని కుర్చీ, మూలన ముద్ర లేని గాజు బల్ల

మా అమ్మాయి మొన్న ఫోను చేసింది. వాళ్ళు కొత్త ఇంట్లోకి మారుతున్నారు. "నాన్నా, హాల్లోకి గాజు బల్ల ఒకటి చూశాం. స్టీలు కాళ్ళు, బాగుంది. తీసుకోమంటావా?" అంది. నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆ పిల్ల ఎడమ పిక్క మీద ఏడు కుట్ల మచ్చ ఉంది. గాజు బల్ల మిగిల్చిన మచ్చే అది. మన సంఘంలో ఇళ్ళు కొనుక్కుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఆ సంగతి నలుగురితో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మేము చికాగో శివార్లలో 1981లో ఇల్లు కొన్నాం. చేతిలో మిగిలిన డబ్బు అంతంత మాత్రమే. గరాజ్ సేళ్ళ వెంట తిరిగి సామాను కూర్చుకున్నాం. అలా దొరికినవే నాలుగు స్టీలు గొట్టాల కుర్చీలు, ఒక గాజు బల్ల. 1983లో మా అమ్మ తణుకు నుంచి వచ్చింది. కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగి, "వెనక కాళ్ళేవిరా?" అంది. ఎంత చెప్పినా కూర్చోదు. చివరికి చేత్తో తడిమి చూసి, "ఇది మన పేము అల్లికే కదరా!" అంటూ నెమ్మదిగా కూర్చుంది. గొట్టం కాస్త వంగి, మళ్ళీ లేచింది. అమ్మ నవ్వేసింది.

ఆ కుర్చీల పుట్టిల్లు జర్మనీ. అక్కడి బౌహౌస్ విద్యాలయంలో పనిచేసే మార్సెల్ బ్రాయర్ తన సైకిలు హేండిలు చూసి, ఇలాంటి సన్నని గొట్టంతో కుర్చీ ఎందుకు చేయకూడదనుకున్నాడు. 1925లో స్టీలు గొట్టాలు వంచి చేశాడు. మరుసటి ఏడు మార్ట్ స్టామ్ అనే డచ్చి ఆయన గ్యాసు గొట్టాలతో వెనక కాళ్ళు లేని కుర్చీ కట్టాడు. 1928లో బ్రాయర్ ఆ పద్ధతికే పేము అల్లిక జతచేశాడు. మా అమ్మ కూర్చున్నది దానికి నకలు. 1929 బార్సిలోనా ప్రదర్శనకి స్టీలు కాళ్ళ తోలు కుర్చీ చేసిన మీస్ వాన్ డెర్ రో 1938లో మా చికాగోకే వచ్చి స్థిరపడ్డాడు. 1951లో పూర్తయిన ఆయన గాజు మేడలు సరస్సు ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి.

ఇక గాజు సంగతి. ఆ ఏటి దీపావళికి ఇంటినిండా జనం. రెండున్నరేళ్ళ మా అమ్మాయి లడ్డూల పళ్ళెం కోసం బల్ల ఎక్కింది. ఫెళ్ళుమంది. గాజు కత్తుల్లాంటి ముక్కలైంది. అందరికంటే ముందు అమ్మే పిల్లని ఎత్తుకుని, కొంగు చింపి కట్టు కట్టింది. ఆస్పత్రిలో కుట్లు వేస్తున్నంతసేపూ "పక్కనే ఉండి కూడా చూసుకోలేకపోయానే" అని తనని తాను తిట్టుకుంది. తప్పు ఆవిడది కాదు, నాది. ఇంజనీరునై ఉండి అది ఏ రకం గాజో చూడలేదు.

మామూలు గాజు పగిలితే అలాగే కత్తులవుతుంది. టెంపర్డ్ గాజుని 600 డిగ్రీల సెంటీగ్రేడు పైన కాచి, గాలి ఊది చప్పున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తరవాత ముడుచుకుంటూ పైపొరని బిగించి పట్టుకుంటుంది. అందువల్ల సుమారు నాలుగు రెట్లు బలం. పగిలినా కలకండ పలుకుల్లా చిన్న ముక్కలే అవుతుంది. అయితే అంచుకి దెబ్బ తగలనివ్వకూడదు. సాధారణంగా మూలన చిన్న ముద్ర ఉంటుంది. అది కనిపించకపోతే మామూలు గాజే అనుకుని వదిలేయండి. ఈ దేశంలో తలుపుల అద్దాలకి 1977లోనే భద్రతా నిబంధన వచ్చింది కాని, బల్లలు అందులోకి రాలేదు.

కాంక్రీటు బల్లలు కూడా వస్తున్నాయి. సిమెంటు అరుగుల మీద పెరిగిన మనకి అవి వింతేమీ కాదు. కాని అయిదడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పలక సుమారు 300 పౌన్లు తూగుతుంది. పైగా నిమ్మరసం, చింతపండు పులుసు సిమెంటుని తినేస్తాయి. పసుపు మరక వదలదు. సీలరు పూత లేనిది మన వంటలకి పనికిరాదు. స్విట్జర్లాండులో విల్లీ గూల్ 1954లో సిమెంటు రేకునే మెలితిప్పి కుర్చీ చేశాడు. మొదట్లో అందులో, మన ఊళ్ళ ఇంటికప్పు రేకుల్లో లాగే, ఆస్బెస్టాస్ ఉండేది. అలాంటి పాతది దొరికితే కోయకండి, గీకకండి.

ఇదంతా అమ్మాయికి చెప్పి, "ఆ బల్ల మూల చూడమ్మా" అన్నాను. మర్నాడు మళ్ళీ ఫోను చేసింది. "ముద్ర ఉంది నాన్నా. అయినా చిన్నాడు కాస్త పెద్దయ్యేదాకా వద్దులే. నాయనమ్మ కూర్చున్న కుర్చీలు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. రెండింటికి పేము తెగింది. అల్లించి పంపాలి.