సముద్ర గర్భంలోకి తొలి అడుగు: ఏ సామగ్రి ముందు, ఏది తరువాత?

సముద్రపు అడుగును కళ్లారా చూడాలన్న కోరిక మానవునికి కొత్తది కాదు. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్నె బతూతా అరబ్బు తీరంలో ముత్యాల కోసం మునిగేవారిని గురించి తన యాత్రా గ్రంథంలో వివరించాడు. వారు నడుముకు తాడు కట్టుకొని, తాబేటి చిప్పతో చేసిన సాధనంతో ముక్కు మూసుకొని నీటిలోకి దిగేవారు. మన దేశంలోనూ మన్నార్ సింధుశాఖ తీరాన ఉన్న కీళక్కరై ముస్లిములకు ముత్యాలతో, శంఖాలతో తరతరాల అనుబంధం ఉంది. అయితే ఆ కాలపు మునకలన్నీ ఒక్క ఊపిరి మీద ఆధారపడినవే. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు ఒక సాధనాన్ని రూపొందించారు. దానితో మనిషి గాలిని వీపున మోసుకుపోయి, కావలసినప్పుడు కావలసినంత పీల్చుకోవడం సులభమయింది. నేటి స్కూబా డైవింగ్‌కు పునాది అదే.

విశాఖ ఋషికొండ తీరంలోనూ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ, లక్షద్వీప్‌లోని కద్మత్, బంగారం దీవులలోనూ ఈ అవకాశం ఉంది. ఉపాధి కోసం జిద్దా, దుబాయి, మస్కట్ వెళ్లిన మన యువకులు కూడా సెలవు రోజుల్లో దీనిని నేర్చుకొంటున్నారు. శిక్షణ ముగియగానే దుకాణానికి వెళ్లి, మెరిసే సామగ్రి మొత్తాన్ని ఒకేసారి కొనాలన్న ఉత్సాహం సహజం. ఆ ఉత్సాహానికి కొద్దిపాటి కళ్లెం వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. చెమటోడ్చి సంపాదించిన సొమ్ము ఒకవైపు, నీటి అడుగున ప్రాణం మరొకవైపు ఉన్న వ్యవహారమిది. దుబారా ఎంత తప్పో, ప్రాణరక్షణ విషయంలో పిసినారితనం కూడా అంతే తప్పు.

మేము సూచించే క్రమం ఇది: శరీరానికి అతుక్కొని ఉండేది ముందు కొనాలి. ఊపిరినిచ్చేది అనుభవం వచ్చిన తరువాత కొనాలి. బరువైనది అద్దెకే తీసుకోవాలి.

కొనుగోలుకు ముందు

ఒక్కసారి సరదాగా దిగి చూడాలనుకొనేవారు ఏమీ కొననవసరం లేదు. శిక్షకుడే అన్నీ సమకూరుస్తాడు. ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినవారికి సాధారణంగా 18 మీటర్ల లోతు వరకు అనుమతి ఉంటుంది. ప్రముఖ శిక్షణ సంస్థలు 10 ఏళ్లు నిండిన పిల్లలను పరిమితమైన లోతుకు అనుమతిస్తాయి. శిక్షణకు ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిని దాపరికం లేకుండా నింపాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి సమస్యలు ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే దిగరాదు. గర్భిణులు దిగనే దిగరాదు. రమజాన్ ఉపవాసంలో ఉన్నవారు ఈ ప్రయాణాన్ని పండుగ తరువాతకు వాయిదా వేసుకోవడం మేలు. శరీరంలో నీరు తగ్గడం డైవింగ్‌లో ప్రమాదాన్ని పెంచుతుంది.

మొదటి కొనుగోలు: మాస్క్

ఇది అన్నింటికంటే చవకైనది, అయినా అన్నింటికంటే జాగ్రత్తగా ఎంచుకోవలసినది. ఈతకు వాడే కళ్లద్దాలు ఇక్కడ పనికిరావు. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలవుతుంది, 20 మీటర్ల వద్ద మూడింతలు. ఆ ఒత్తిడికి మాస్క్ ముఖాన్ని నొక్కేస్తుంది. ముక్కు ద్వారా కొద్దిగా గాలి వదిలి దానిని సరిచేయాలి. అందుకే ముక్కు మాస్క్ లోపలే ఉండాలి.

సరిపోయిందో లేదో తెలుసుకొనే పద్ధతి సులభం. పట్టీని వెనక్కు మడిచి, మాస్క్‌ను ముఖానికి మెల్లగా ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చాలి. చేయి తీసేసినా అది ఊడిపడకుండా నిలిస్తే ఆ మాస్క్ మీ ముఖానికి తగినది. గాలి జారిపోతే ఎంత పేరున్న కంపెనీదయినా పక్కన పెట్టాలి. అద్దం టెంపర్డ్ గాజుదై ఉండాలి, అంచు మెత్తని సిలికాన్‌దై ఉండాలి. చూపు దోషమున్నవారికి పవర్ అద్దాలు అమర్చే మాస్కులు కూడా దొరుకుతాయి.

గడ్డం ఉన్న సోదరులు సాధారణంగా అడిగే సందేహం ఒకటి ఉంది. మాస్క్ అంచు గడ్డం మీద ఆనదు, పై పెదవి మీద ఆనుతుంది. కనుక గడ్డం వల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు. నీరు లోపలికి చేరడానికి కారణం పెరిగిన మీసమే. మీసాన్ని కత్తిరించి, గడ్డాన్ని పెంచే సున్నత్‌ను పాటించేవారికి ఈ సమస్య చాలావరకు ముందే తీరిపోయినట్లే.

కాళ్లకు ఫిన్స్

ఫిన్స్ రెండు రకాలు. పాదమంతా కప్పే బూటు వంటిది ఒకటి, వెనుక పట్టీతో బిగించేది మరొకటి. రెండవదానికి నియోప్రీన్ మేజోళ్ల వంటి బూటీలు తప్పనిసరి. పడవ మీద నుంచి వెచ్చని నీటిలోకి దిగేవారికి మొదటిది తేలిక. రాళ్ల తీరం నుంచి నడిచి దిగేవారికి రెండవది క్షేమం. బిగుతుగా ఉంటే పిక్కలు పట్టేస్తాయి, వదులుగా ఉంటే మడమలు ఒరుసుకుపోతాయి. పొడవైన, గట్టి ఫిన్స్ బలాన్నిస్తాయనుకొని కొత్తవారు పొరపడుతుంటారు. అవి త్వరగా అలసట తెస్తాయి. అలసినవాడు గాలిని త్వరగా ఖర్చు చేస్తాడు.

వెట్‌సూట్, హుడ్

నీరు గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది. అందువల్ల వెచ్చని సముద్రంలోనూ చాలాసేపు ఉండేవారికి నియోప్రీన్ సూట్ అవసరమవుతుంది. అండమాన్, లక్షద్వీప్ జలాలకు సాధారణంగా 3 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. శీతకాలంలో ఎర్ర సముద్రపు ఉత్తర భాగంలో దిగేవారు 5 మిల్లీమీటర్లది ఎంచుకొంటారు. మందం పెరిగే కొద్దీ శరీరం పైకి తేలుతుంది, కట్టుకోవలసిన సీసపు బరువులు కూడా పెరుగుతాయి. మెడ దగ్గర మరీ బిగుతుగా ఉన్న సూట్ కళ్లు తిరిగేలా చేయగలదు. కనుక ధరించి, చేతులు ఎత్తి దించి చూడకుండా కొనరాదు.

మన సోదరీమణులకు ఇక్కడ ఒక శుభవార్త. మణికట్టు నుంచి చీలమండ వరకు కప్పే పూర్తి సూట్ ఈ క్రీడలో స్త్రీ పురుషులందరూ ధరించే దుస్తే. తలను, చెవులను, మెడను కప్పే హుడ్ కూడా మామూలు సామగ్రిలో భాగమే. పలుచని బట్టతో చేసిన హుడ్లు వెచ్చని నీటికి అనువుగా ఉంటాయి. సూట్ శరీరానికి అంటుకొని ఉంటుంది గనుక దానిపై పొడవాటి ఈత చొక్కా వేసుకోవచ్చు. అయితే అది బరువుల బెల్టు బకిల్‌ను, ఇతర బకిళ్లను కప్పకూడదు. అత్యవసర సమయంలో వాటిని ఒక్క క్షణంలో విప్పగలగాలి. విడి దుపట్టా, వేలాడే స్కార్ఫ్ నీటిలో ఎంతమాత్రం తగవు. అవి గొట్టాలకు చుట్టుకుంటాయి. హుడ్ అంచు గాని, ఒక పాయ జుట్టు గాని మాస్క్ కిందకు పోతే నీరు లోపలికి వస్తుంది. దీనిని ముందే సరిచూసుకోవాలి. పడవ మీద వేసుకోవడానికి వదులైన పైదుస్తు ఒకటి వెంట ఉంచుకోవాలి. మహిళా శిక్షకురాలు కావాలంటే ఆ విషయాన్ని డబ్బు కట్టకముందే అడగాలి.

డైవ్ కంప్యూటర్

నాలుగవ కొనుగోలు చేతి గడియారం వంటి డైవ్ కంప్యూటర్. ఎంత లోతున ఉన్నాము, ఎంతసేపయింది, ఇంకా ఎంతసేపు ఉండవచ్చు, మరీ వేగంగా పైకి వస్తున్నామా అన్నది అది చెబుతుంది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే అది బుడగలుగా మారి కీళ్లను, నరాలను దెబ్బతీస్తుంది. అందుకే నిమిషానికి సుమారు 9 మీటర్లకు మించని వేగంతో పైకి రావాలనీ, 5 మీటర్ల వద్ద 3 నిమిషాలు ఆగాలనీ నేర్పుతారు. మీరు వరుసగా చేసిన డైవ్‌ల లెక్క ఈ యంత్రంలో ఉంటుంది గనుక దీనిని మరొకరితో పంచుకోరాదు. అంకెలు పెద్దవిగా, స్పష్టంగా కనిపించే సాదా రకం చాలు. అదనపు హంగులకు డబ్బు పోయనవసరం లేదు.

రెగ్యులేటర్, బీసీడీ: తొందర వద్దు

ఖర్చులో పెద్ద భాగం ఈ రెండింటిదే. సిలిండర్‌లోని గాలిని పీల్చుకోవడానికి అనువైన ఒత్తిడికి తెచ్చి నోటికి అందించేది రెగ్యులేటర్. గాలి నింపుతూ, వదులుతూ నీటిలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్ బీసీడీ. వీటిని కనీసం కొన్ని డైవ్‌ల పాటు అద్దెకు తీసుకొని, వేర్వేరు రకాలు వాడి చూశాకే కొనాలి. అద్దెకు తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. దానివల్ల మీ శరీరానికి ఏది సౌకర్యమో తెలుస్తుంది.

రెగ్యులేటర్ కొనేటప్పుడు మూడు విషయాలు అడగాలి. మొదటిది, మీరు దిగే చోట సిలిండర్లు యోక్ బిగింపువా, డిన్ బిగింపువా? అవసరమైతే అడాప్టర్ దొరుకుతుందా? రెండవది, మీరు నివసించే ఊరికి చేరువలో ఆ కంపెనీ రెగ్యులేటర్‌ను సర్వీసు చేసే శిక్షితులు ఉన్నారా? సాధారణంగా ఏడాదికొకసారి దానిని తనిఖీ చేయించాలి. గల్ఫ్‌లో చవకగా దొరికిందని కొని, స్వదేశంలో సర్వీసు లేక మూలపడేస్తే ఆ చవక చవక కాదు. మూడవది, తోటి డైవర్ కోసం ఉండే అదనపు మౌత్‌పీస్, సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే గేజ్ అందులో చేరి ఉన్నాయా? నీటి కింద జంటగా దిగేవారు ఒకరి ప్రాణం ఒకరికి అమానతు. ఆ అదనపు మౌత్‌పీస్ మన కోసం కాదు, మన పక్కనున్న వ్యక్తి కోసం.

బీసీడీలో స్త్రీల శరీరానికి తగిన కోత ఉన్నవి కూడా వస్తున్నాయి. గాలి నింపినప్పుడు ఛాతీని నొక్కకుండా, ఊపిరి తీయడానికి అడ్డు రాకుండా ఉండాలి.

కొననవసరం లేనివి

సిలిండర్‌ను, సీసపు బరువులను డైవ్ సెంటర్లే ఇస్తాయి. సాధారణ అల్యూమినియం సిలిండర్ సుమారు 11 లీటర్ల పరిమాణంతో, దాదాపు 200 బార్ల ఒత్తిడికి నింపబడి ఉంటుంది. నింపిన సిలిండర్‌ను విమానంలో తీసుకుపోనివ్వరు. కొన్నవారు నిర్ణీత కాలానికొకసారి దానికి ఒత్తిడి పరీక్ష చేయించాలి. దానిలో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది భావిస్తారు, అది సరికాదు. మామూలు డైవింగ్‌కు వాడేది మనం పీల్చే గాలినే శుభ్రపరచి, ఒత్తి నింపినది. తగినంత లోతున స్వచ్ఛమైన ఆక్సిజన్ విషంతో సమానం.

పాతవి, వాటి సంరక్షణ

ఎవరైనా వాడిన సామగ్రి దొరికితే ఫిన్స్, సూట్ నిశ్చింతగా చూడవచ్చు. వాడిన రెగ్యులేటర్‌కు మాత్రం పూర్తి సర్వీసు ఖర్చును ధరలో కలిపి లెక్కించాలి. పాత నమూనాకు విడిభాగాలు దొరకకపోతే అది ఉచితంగా ఇచ్చినా వద్దు. ప్రతి డైవ్ తరువాత అన్నింటినీ మంచినీటిలో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండ రబ్బరును, సిలికాన్‌ను పాడుచేస్తుంది. రెగ్యులేటర్ మూతిని మూసిన తరువాతే నీటిలో ముంచాలి.

ఇంటికి తిరిగి వచ్చే ప్రయాణానికి సంబంధించి ఒక హెచ్చరిక. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు లేదా వరుస రోజులు దిగినవారు కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. అండమాన్, లక్షద్వీప్ టిక్కెట్లు కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

మొదటి సంవత్సరానికి మాస్క్, ఫిన్స్, సూట్, కంప్యూటర్ చాలు. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే దిగేవారికి బహుశా ఎన్నటికీ అంతకుమించి అవసరం ఉండదు. మిగిలిన సొమ్మును మరొక శిక్షణకు, నీటిలో మరికొన్ని గంటల అభ్యాసానికి వెచ్చించండి. దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించిన ముత్యాలను, పగడాలను కన్న ఆ సముద్రంలోకి దిగినప్పుడు, పగడాన్ని చేత్తో తాకకుండా, కాలితో తొక్కకుండా చూసి రండి. సరిపోయిన ఫిన్స్, అదుపులో ఉన్న బరువు అందుకు కూడా తోడ్పడతాయి. క్షేమంగా దిగండి, క్షేమంగా తిరిగి రండి, ఇన్షా అల్లాహ్.