పాత ఇంటి రంగుల అద్దాలు చర్చికి ఇవ్వవచ్చా?

తాతల నాటి ఇల్లు బిల్డరుకు అప్పగించే ముందు తలుపులు, దూలాలు, కిటికీలను పాత కలప వ్యాపారి లెక్కకట్టి తీసుకుపోతాడు. కాని తలుపు పైన అర్ధచంద్రాకారంలో అమర్చిన రంగుల అద్దాల దగ్గరికో, ముందుగది కిటికీలో గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి బొమ్మ దగ్గరికో వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఆగిపోతారు. పారేయడానికి మనసొప్పదు, అపార్టుమెంటులో పెట్టడానికి చోటుండదు. చివరికి ఎవరో ఒకరు “చర్చికి ఇచ్చేద్దాం” అంటారు. ఆ మాట మంచిదే. అయితే దేవునికి ఇచ్చే కానుక సంఘానికి భారం కాకూడదు, కుటుంబంలో గాయం మిగల్చకూడదు. అందుకే ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి.

అది ఎలాంటి అద్దం?

పాత ఇళ్లలో కనబడే ఎరుపు, నీలం, ఆకుపచ్చ పలకలు చాలావరకు ఒకే రంగు అద్దాలు. వాటిని చెక్క ఫ్రేములో బిగిస్తారు. వీటిని జాగ్రత్తగా తీసి మరో కిటికీకి అమర్చడం మంచి వడ్రంగికి కష్టం కాదు.

అసలైన స్టెయిన్డ్ గ్లాస్ వేరు. గాజు కరిగించేటప్పుడే లోహాలు కలిపి రంగు తెస్తారు. కోబాల్టుతో నీలం, రాగితో గాని బంగారంతో గాని ఎరుపు వస్తాయి. వెండి లవణం పూసి కాల్చితే పసుపు వస్తుంది. ముఖాలు, వేళ్లు, వస్త్రాల మడతలు అద్దం మీద గీసి కొలిమిలో కాలుస్తారు. ఈ ముక్కలన్నిటినీ సీసం పట్టీలతో కలిపి, పట్టీలు కలిసే చోట టంకం వేస్తారు. అద్దం శతాబ్దాలు నిలుస్తుంది గాని సీసం అన్నాళ్లు నిలవదు. ఎండకు సాగి, చల్లబడి ముడుచుకొని, బరువుకు వంగుతుంది. మీ అద్దం మధ్యలో ఉబ్బినట్టు కనబడితే సీసం అలసిపోయిందని అర్థం.

అది ఎవరిది?

మిషన్ బంగళా గాని, పాస్టరుగారి నివాసం గాని అయితే అది సాధారణంగా డయాసిస్ లేదా సొసైటీ ట్రస్టు ఆస్తి. అక్కడి అద్దాన్ని ఆ ఇంట్లో ఉంటున్నవారు గాని, స్థానిక కమిటీ గాని సొంతంగా ఎవరికీ ఇవ్వలేరు. ట్రస్టు నుంచి రాతపూర్వకమైన అనుమతి ఉండాలి.

సొంత ఇల్లయితే వారసులందరి సమ్మతి కావాలి. అన్నదమ్ములు ముక్కలు పంచుకుంటే బొమ్మ ఎవరికీ మిగలదు. ఒకరు తక్కినవారిని అడగకుండా చర్చికి ఇస్తే, ప్రతి ఆదివారం ఆ కిటికీ కింద కూర్చున్న తోబుట్టువుకు పాత గాయమే గుర్తుకొస్తుంది. అర్పణను బలిపీఠం దగ్గరే ఉంచి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని యేసుప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పింది సరిగ్గా ఇలాంటి సందర్భాలకే.

వృద్ధురాలైన తల్లి జీవించి ఉంటే ముందు ఆమెను అడగండి. అరవై ఏళ్లు ఆ వెలుగులో ప్రార్థన చేసుకున్న తల్లికి, కొత్త ఇంట్లో తన గదిలో అది ఉంటే చాలేమో. కొర్బాను పేరుతో తల్లిదండ్రులకు చెందవలసింది లాక్కోవడాన్ని ప్రభువు గద్దించిన సంగతి మార్కు 7లో చదువుతాం.

చట్టం ఏమంటుంది?

విదేశాల్లో స్థిరపడిన పిల్లలు “మాకు పంపండి” అని అడగడం మామూలే. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లకు తక్కువ కాని, భవనం నుంచి విడదీసిన వస్తువు కూడా పురావస్తువు కిందికి రావచ్చు. పురావస్తువును వ్యక్తులు దేశం దాటించకూడదు. దాన్ని కొని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. వయసు విషయంలో సందేహం ఉంటే భారత పురావస్తు శాఖను సంప్రదించండి. అది పురావస్తువు కాదని నిపుణులు తేల్చితే ధ్రువపత్రం ఇస్తారు.

తీసేటప్పుడు, దాచేటప్పుడు

1. తీయకముందే పగటి వెలుగులో లోపలి నుంచీ బయటి నుంచీ ఫొటోలు తీయండి. కొలతలు రాసుకోండి. ఒక్కో పలకకు ఒక్కో సంఖ్య ఇవ్వండి. కింది మూలలో తయారీదారు పేరు ఉందేమో చూడండి.
2. అద్దాన్ని ఫ్రేము నుంచి పెరకవద్దు. వీలైతే ఫ్రేముతో సహా కోసి తీయించండి.
3. సీసం మీద తెల్లని పొడి కనబడితే అది విషం. చేతి తొడుగులు, మాస్కు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.
4. ఆసిడ్, బాత్రూం క్లీనర్, పీచు వాడవద్దు. గీసిన ముఖం ఒక్కసారి చెరిగితే మళ్లీ రాదు. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి ఊరుకోండి.
5. నిలువుగానే మోయండి, నిలువుగానే దాచండి. పడుకోబెడితే తన బరువుకు తానే వంగి పగులుతుంది. తడి తగలని చోట పెట్టండి.

సంఘం ఆలోచించవలసింది

మెదక్ కెథడ్రల్ చూసినవారికి ఈ అద్దాల గుట్టు తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ ఆలయంలో ప్రభువు జననాన్ని, సిలువను, ఆరోహణాన్ని చూపే మూడు పెద్ద కిటికీలు ఉన్నాయి. పగలు లోపల నిలబడితే రంగులు వెలుగుతాయి. పొద్దు గుంకితే బొమ్మ నల్లబడిపోతుంది. వెనుక వెలుగు లేనిదే ఈ అద్దానికి జీవం లేదు. కాబట్టి గోడకు తగిలించే కానుక కాదిది. దానికి సరైన కిటికీ గాని, వెనుక లైట్లున్న పెట్టె గాని కావాలి. తుపాను గాలి, రాళ్లు, కోతుల నుంచి కాపాడేందుకు బయటివైపు మరో అద్దం, రెంటి మధ్య గాలి ఆడే సందు అవసరం. ఈ ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. అద్దంతో పాటు అమర్చే ఖర్చు కూడా ఇవ్వగలిగితేనే కానుక పూర్తయినట్టు.

బొమ్మ విషయంలో సంఘ పెద్దలు మొహమాటపడకూడదు. యొర్దాను నుంచి తెచ్చిన పన్నెండు రాళ్లను, పిల్లలు అడిగినప్పుడు దేవుని కార్యం చెప్పడానికి గుర్తుగా నిలిపారు. మోషే చేసిన ఇత్తడి సర్పాన్నయితే, ప్రజలు దానికే ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు పగలగొట్టించాడు. రెండూ దేవుని కార్యానికి గుర్తులే. తేడా అంతా జనం వాటిని ఏం చేశారన్నదానిలోనే ఉంది. మన సంఘంలో ఈ కిటికీ ప్రభువును గుర్తుచేస్తుందా, దాత పేరునా? ఆలయంలో బొమ్మలు ఉంచని సంఘాలూ మనలో ఉన్నాయి. వారి మనస్సాక్షిని గౌరవించి, పువ్వులు, లతలు ఉన్న అద్దమైతే సండేస్కూలు గదికి అడగవచ్చు.

పుచ్చుకోలేని సంఘం ప్రేమతో “వద్దు” అని చెప్పడం తప్పు కాదు. ఒప్పుకొని గోదాములో పడేయడమే తప్పు. ఇచ్చే కుటుంబం కూడా “మా తాతగారి పేరు రాయాలి”, “ఎప్పటికీ తీయకూడదు” అని షరతులు పెట్టకుండా ఇవ్వాలి. ఇచ్చిన సంగతి, పుచ్చుకున్న సంగతి ఒక కాగితం మీద రాసి, కమిటీ మినిట్స్‌లో చేర్చి, ఫొటోలు జతపరచండి. యాభై ఏళ్ల తర్వాత ఏ చిన్నబిడ్డయినా “ఇది ఎక్కడిది?” అని అడిగితే, పెద్దలకు చెప్పడానికి జవాబు ఉంటుంది.