మన్యపు లోయలలో కార్తీకము

"విశాఖపట్టణమున కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు" అని రేడియోలో విని, ఒక పలుచని దుప్పటి మాత్రము పెట్టెలో సర్దుకొని అరకులోయకు బయలుదేరువారు ప్రతి కార్తీకమునందును కలరు. మరునాటి ఉదయము వారు రేడియోవారిని ఏమనుకొందురో నేను ఊహింపగలను. మేము చదివిన అంకె అబద్ధము కాదు. అది సముద్రపు టొడ్డున నున్న ఊరి అంకె. అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి మొదలగు ఊళ్లు సముద్రమట్టమునకు సుమారు 800 మొదలు 1000 మీటర్ల యెత్తున నున్నవి.

ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చగునని అందరును ఎరిగినదే. వేయి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుననుట శాస్త్రజ్ఞుల లెక్క. ఆ లెక్కను బట్టి విశాఖలో 20 డిగ్రీలున్ననాడు మన్యమున 14 డిగ్రీల ప్రాంతమున ఉండవలెను. కాని నవంబరు చివరి దినములలో చింతపల్లి వైపున 10 డిగ్రీలకు దిగువ నమోదగుట కలదు. మిగిలిన ఆ నాలుగైదు డిగ్రీలు ఎక్కడికి పోయినవి?

వానిని లోయ యొక్క ఆకారమే హరించినది. అక్టోబరు నడుమ నైరుతి ఋతుపవనములు వెనుదిరిగిన పిదప ఆకాశము నిర్మలమగును. ఉత్తరదిక్కు నుండి పొడిగాలి వీచును. పగలంతయు నేల కూడబెట్టుకొన్న వేడిమి రాత్రివేళ అడ్డులేక ఆకాశమునకు పోవును. చల్లబడిన నేలను తాకిన గాలియు చల్లబడి బరువెక్కును. గెడ్డనీరు పల్లమునకు పారినట్లే ఆ చల్లగాలి కొండవాలుల మీదుగా మెల్లగా జారి, లోయ యడుగున నిలిచిపోవును. గాలి వీచి కలియబెట్టిననే గాని అది సూర్యోదయము వరకు అచ్చటనే యుండును. అందుచేత లోయ యడుగున నున్న ఊరికంటె, వాలుపై కొంత యెత్తున నున్న గూడెమే తెల్లవారుజామున వెచ్చగా నుండును. ఎత్తునకు పోయినకొలది చలి యన్న సూత్రము ఆ నాలుగు గంటలసేపు తలక్రిందులగును. నిలిచిన ఆ చల్లగాలిలో గెడ్డల తేమయు, పొలముల తేమయు ఘనీభవించి పొగమంచగును. పొద్దెక్కి నేల వేడెక్కినగాని అది విడదు. యాత్రికులకు అది కన్నులపండువు. ఘాటురోడ్డుపై బస్సు నడుపువారి నడిగిన మరియొక మాట చెప్పుదురు.

కొన్నేండ్ల క్రిందట కార్తీకమాసమున ఒక రికార్డింగు పనిమీద అరకు సమీపమున ఒక గూడెములో రెండు దినములుంటిని. మొదటి రాత్రి చలికి నిద్ర పట్టలేదు. రెండవ రాత్రి హాయిగా నిద్రించితిని. ఉదయము ఆ సంగతి సంతోషముతో చెప్పగా, నాకు వసతినిచ్చిన వృద్ధుడు తల యడ్డముగా త్రిప్పెను.

"రాత్రి చలెయ్యలేదు బాబూ. ఇది మంచిది కాదు."

"చలి లేకున్న మంచిదే గదా, పెద్దయ్యా?"

"మీకు మంచిదే. కళ్లంలో గింజలకి కాదు."

ఆయన యే గ్రంథమును చదువలేదు గాని, చెప్పినది సరియైన శాస్త్రమే. నిర్మలమైన ఆకాశము రాత్రి చలిని తెచ్చినట్లే, మబ్బు రాత్రి వెచ్చదనమును తెచ్చును. నేల విడిచిన వేడిని మబ్బు తిరిగి క్రిందికే పంపును. బంగాళాఖాతమున అల్పపీడనము ఇంకను వందల కిలోమీటర్ల దూరమున నుండగనే దాని పై మబ్బులు మన్యమును కప్పవచ్చును. తూర్పుగాలి తేమను మోసికొని రావచ్చును. వెచ్చని రాత్రులన్నియు వానను తెచ్చునని నేననను. ఒక దినము మూసియుండి మరునాడు తేరుకొనుటయు కలదు. అయినను ఈ మాసములలో ఆకస్మికముగా చలి విరిగినచో ఒకమారు తూర్పుదిక్కు చూచుట మేలు.

ఏలయన మన్యమున ఇది కోతల కాలము. చోడి కోసి కుప్ప వేయునదియు, లోయలో వరి పనలు పొలమున ఆరునదియు ఇప్పుడే. కాఫీ పండ్ల కోతయు సాధారణముగా నవంబరులో మొదలగును. పండు తోలు తీసి, కడిగి, గింజలను దినములతరబడి ఎండబెట్టవలెను. చలి ఎంతయున్నను ఎండ కాయుచున్న చాలును, గింజ ఎండును. రెండు దినముల ముసురు పట్టినచో బూజు వచ్చి రుచి చెడును. సంవత్సరపు కష్టము ధరలో కరిగిపోవును. చెట్టుననున్న పండిన కాయ కూడ వానకు పగిలి రాలును.

నెల్లూరు వైపు రైతు ఈశాన్య ఋతుపవనపు వానకై ఎదురుచూచును. మన్యమునకు నైరుతి వానలే ప్రధానము. కార్తీకమున ఇచ్చట వాన యనగా చాలవరకు వాయుగుండము యొక్క వానయే. తుపాను తీరము దాటిన పిదప గాలి తగ్గును గాని, తేమగాలి కొండలకు తగిలి పైకెక్కవలసి వచ్చుటచే వాన హెచ్చగును. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున కొండచరియలు జారుట ఇట్టి వానలలోనే పలుమారులు సంభవించినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్ హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటెను. నగరపు నష్టమును అందరును పత్రికలలో చదివిరి. మన్యమున కాఫీకి నీడనిచ్చు సిల్వర్ ఓకు చెట్లు విరిగి తోటలపై పడిన సంగతి అంతగా ప్రచారము కాలేదు. మరల నీడ యెదుగుటకు ఏండ్లు పట్టును.

కనుక వాతావరణ సూచన వినునప్పుడు విశాఖపట్టణపు పేరు వచ్చినంతనే రేడియో కట్టివేయకుడు. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి పాడేరు, అరకు ప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. హెచ్చరికయు ఆ పేరుతోనే వచ్చును. పసుపు రంగు హెచ్చరిక యనగా గమనించుచుండుడని. నారింజ యనగా సిద్ధముగా నుండుడని. ఎరుపు యనగా తక్షణము జాగ్రత్తపడుడని యర్థము. పసుపు రంగుననే కళ్లములోని గింజలను లోపలికి చేర్చుకొన్నవానికి ఒకపూట పని వృథాయైనను నష్టము స్వల్పమే.

ఆనాడు ఆ వృద్ధుడు మధ్యాహ్నము భోజనమునకు ముందే గింజలనెల్ల గోనెలకెత్తించెను. నేనును ఒక గోనె పట్టుకొంటిని. చీకటి పడిన రెండు గంటలకు చినుకులు మొదలయ్యెను.