చూసే తెర, ఆడే తెర

గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ కొనుక్కున్నవాళ్లకు తెర దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. 27 అంగుళాల మంచి గేమింగ్ మానిటర్‌కు పెట్టే డబ్బుతో ఇంచుమించుగా 43 అంగుళాల 4కె టీవీ వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక ఆ మొగ్గు ఇంకాస్త పెరిగింది. టీవీలో స్పీకర్లు ఉంటాయి, సినిమాలు చూసుకోవచ్చు, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. కంప్యూటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ వైరు రెండింటికీ ఒకటే. అలాంటప్పుడు చిన్న తెరకు అంత పెట్టడం దండగ అనిపించడం సహజం. కానీ ఈ లెక్కలో ఉన్నవి అంగుళాలు, రూపాయలు మాత్రమే. ఆడేవాడికి కావలసిన అసలు లెక్క రెండు చోట్ల ఉంది: చేయి కదిలించాక తెర కదలడానికి పట్టే సమయంలో, కంటికీ తెరకూ మధ్యనున్న దూరంలో. టీవీని కూర్చుని చూసేవాళ్ల కోసం తయారు చేస్తారు, మానిటర్‌ను ఎదుట కూర్చుని పని చేసేవాళ్ల కోసం తయారు చేస్తారు. ఈ తేడా పైపైది కాదు, లోపలి ఎలక్ట్రానిక్స్ దాకా ఉంది.

టీవీకి అందే బొమ్మ చాలాసార్లు అంత శుభ్రంగా ఉండదు. ప్రసారాన్ని బాగా కుదించి పంపుతారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి. అందుకని టీవీలో ఒక ప్రాసెసర్ కూర్చుని వచ్చిన ప్రతి బొమ్మకూ మరమ్మతు చేస్తుంది. మచ్చలు తుడుస్తుంది, అంచులకు పదును పెడుతుంది, చిన్న బొమ్మను 4కె తెరకు సరిపడా పెంచుతుంది. వీటిలో ఎక్కువ సమయం తినేది కదలికను నున్నగా చేసే పని. రెండు అసలు ఫ్రేముల మధ్య టీవీ తనంతట తాను ఒక కొత్త ఫ్రేమును కల్పిస్తుంది. తరువాతి ఫ్రేము చేతికి అందితే తప్ప మధ్యలోది ఎలా ఉండాలో దానికి తెలియదు కనుక మొత్తం వరుసను వెనక్కి జరిపి నడపాలి. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అలాంటివి కొన్ని పోగుపడేసరికి మామూలు పిక్చర్ మోడ్‌లో చాలా టీవీలు 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా నడుస్తాయి. దీన్నే ఇన్‌పుట్ లాగ్ అంటారు. సినిమా చూసేవాళ్లకు దీనితో పేచీ లేదు, శబ్దాన్ని కూడా అంతే వెనక్కి జరిపితే పెదవులూ మాటలూ కలిసిపోతాయి. మంచి గేమింగ్ మానిటర్ ఈ మరమ్మతులేవీ పెట్టుకోదు కాబట్టి దాని ఆలస్యం 10 మిల్లీసెకన్లకు లోపే ఉంటుంది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే ‘1 ఎంఎస్’ మాత్రం ఇది కాదు. అది ఒక పిక్సెల్ ఒక ఛాయ నుంచి మరో ఛాయకు మారే సమయం, అదీ కంపెనీ తనకు అనువైన పరిస్థితుల్లో కొలుచుకున్నది.

ఈ ఆలస్యానికి చక్కని సాక్ష్యం ఒక పాత ఆటలో ఉంది. 1984లో నింటెండో తెచ్చిన డక్ హంట్, తొంభైలలో మన ఇళ్లలో టీవీకి తగిలించుకుని ఆడిన క్యాసెట్ గేముల్లో బాతుల్ని తుపాకీతో కొట్టే ఆట. ఆ తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు, దాని గొట్టంలో వెలుతురును పసిగట్టే సెన్సార్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే గేము తెరను ఒక్క ఫ్రేము పాటు నల్లగా చేసి, వెంటనే బాతు ఉన్నచోట తెల్లని చదరం వేస్తుంది. సరిగ్గా ఆ వేళకు సెన్సార్‌కు వెలుతురు తగిలితే బాతు పడుతుంది. పిక్చర్ ట్యూబు టీవీ సిగ్నల్‌లో వచ్చిన గీతను వచ్చినట్టే గీసేది కనుక లెక్క కుదిరింది. అదే పరికరాన్ని ఇప్పటి ఎల్‌సీడీ టీవీకి తగిలిస్తే బాతులు పడవు. ట్యూబు వెలుగు అదిరే లయకే స్పందించేలా ఆ తుపాకీని కట్టడం ఒక కారణం. తెల్లని చదరం తెర మీదికి వచ్చేసరికి గేము చూసిన క్షణం దాటిపోవడం రెండో కారణం. గిటార్ హీరో, రాక్ బ్యాండ్ లాంటి పాటల ఆటల్లో తెర ఆలస్యాన్ని సరిచేసుకునే కాలిబ్రేషన్ పెట్టాల్సి వచ్చిందీ ఇందుకే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మనిషి కంటితో చూసి వేలు కదపడానికే 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది కదా, అందులో 50 ఎక్కువైతే ఏం మునిగింది అని. మొదటి జవాబు, ఆలస్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, ఒకదాని మీద ఒకటి చేరతాయి. సమానమైన చురుకుదనం ఉన్న ఇద్దరిలో ఒకరికి ప్రత్యర్థి 50 మిల్లీసెకన్లు ముందు కనిపిస్తే ఆ ఆధిక్యం అతనికి ప్రతి పోటీలోనూ ఉంటుంది. రెండో జవాబు ఇంకా ముఖ్యమైనది. గురి పెట్టడం ఒక్కసారి స్పందించి ఊరుకునే పని కాదు. చేయి మౌస్‌ను జరుపుతుంది, కన్ను ఫలితం చూస్తుంది, చేయి సర్దుకుంటుంది, మళ్లీ కన్ను చూస్తుంది. కుళాయి తిప్పిన కాసేపటికి గానీ వేడినీళ్లు రాని గీజరు దగ్గర మనం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తిప్పుతూనే ఉంటాం. ఆలస్యంగా కదిలే తెర ముందు మౌస్ పట్టిన చేతిదీ అదే అవస్థ. 2019లో సిగ్రాఫ్ ఆసియా అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఎన్‌విడియా పరిశోధకులు ఇచ్చిన పత్రం తుపాకీ ఆటల తరహా గురి పరీక్షల మీదే. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే రిఫ్రెష్ రేట్‌ను 60 హెర్ట్జ్ నుంచి పైకి పెంచడం కంటే ఆలస్యాన్ని తగ్గించడమే ఆటగాడికి ఎక్కువ మేలు చేస్తుందని వాళ్లు తేల్చారు. వేగవంతమైన గ్రాఫిక్స్ కార్డులు అమ్ముకునే సంస్థ నుంచి రిఫ్రెష్ రేట్‌కు రెండో స్థానం ఇచ్చే ఫలితం రావడం వల్ల నాకు దాని మీద నమ్మకం మరింత కలిగింది.

గేమ్ మోడ్ వచ్చాక ఈ గొడవంతా తీరిపోయిందనేది మరో వాదన. ఇందులో చాలా నిజం ఉంది, ఒప్పుకోవాలి. గేమ్ మోడ్ పెడితే టీవీ తన మరమ్మతులు చాలావరకు మానేస్తుంది. మంచి టీవీల్లో 60 హెర్ట్జ్ దగ్గర ఆలస్యం 10 నుంచి 20 మిల్లీసెకన్లకు దిగుతుంది, 120 దగ్గర ఇంకా తగ్గుతుంది. 2017 నవంబరులో విడుదలైన హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం ఆ మోడ్‌కు తనంతట తానే మారే ఏర్పాటును, గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని బట్టి రిఫ్రెష్ రేట్ మారే వీఆర్‌ఆర్‌ను టీవీలకు తెచ్చింది. సెకనుకు 120 సార్లు 4కె బొమ్మ పంపాలంటే పిక్సెళ్లకే సుమారు 24 గిగాబిట్లు కావాలి. పాత హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 18, 2.1 హద్దు 48. అయితే మానిటర్ ధరతో పోటీపడే 43 అంగుళాల టీవీల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్ ప్యానెల్‌తోనే వస్తాయి. వాటి పెట్టెల మీద ‘మోషన్ రేట్’ పేరుతో వేసే పెద్ద అంకెలు ప్యానెల్ అసలు వేగం కాదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడుతుంది, దాన్ని వెంబడించే కన్ను మాత్రం ముందుకు పోతుంటుంది. సెకనుకు 960 పిక్సెళ్లు కదిలే వస్తువు అందువల్ల 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. 120 దగ్గర అది 8 పిక్సెళ్లు, 240 దగ్గర 4. పరుగెత్తే ప్రత్యర్థి మొహం ఆనవాలు పట్టాల్సిన ఆటలో ఇది చిన్న విషయం కాదు.

పెద్ద తెర అంటే పెద్ద బొమ్మ అనే నమ్మకాన్ని కూడా దూరంతో కలిపి చూడాలి, ఎందుకంటే కంటికి అంగుళాలు తెలియవు, కోణమే తెలుస్తుంది. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. బల్ల మీద 65 సెంటీమీటర్ల దూరంలో పెడితే అది చూపులో 49 డిగ్రీలు ఆక్రమిస్తుంది. హాల్లో 55 అంగుళాల టీవీని సోఫాలోంచి, ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే 28 డిగ్రీలే. తెర మీద అదే నిష్పత్తిలో ఉన్న ప్రత్యర్థి చిన్న మానిటర్‌లో కంటికి 1.8 రెట్లు పెద్దగా కనిపిస్తాడు. 6/6 చూపు ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వరకే వివరాలను విడదీయగలదు. ఆ 55 అంగుళాల టీవీలో 1080పి పిక్సెల్ కూడా సోఫా దూరంలో అంతకంటే చిన్నదే. అంటే 1080పిలోని 20.7 లక్షల పిక్సెళ్లకు బదులు 4కెలోని 83 లక్షల పిక్సెళ్లు గీయడానికి గ్రాఫిక్స్ కార్డు పడే శ్రమలో పెద్ద భాగం కంటికి చేరదు. అలాగని టీవీనే బల్ల మీదికి తెచ్చుకుంటే 43 అంగుళాలది 70 సెంటీమీటర్ల దూరంలో 68 డిగ్రీలు పరుచుకుంటుంది. మూలనున్న మ్యాపు చూడాలన్నా, తూటాల లెక్క చూడాలన్నా ప్రతిసారీ మెడ తిప్పాలి.

కంప్యూటర్ అన్నాక అక్షరాలు కూడా చదవాలి. రంగుల వివరాన్ని కన్ను వెలుగు నీడలంత బాగా పట్టదు కాబట్టి, వీడియోలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం పంపే 4:2:0 పద్ధతి ఉంది. సినిమాలో తేడా తెలియదు, ఎర్రని నేల మీద నీలి అక్షరాలు మాత్రం అలికినట్టవుతాయి. కొన్ని టీవీలు ట్యూబుల కాలం నాటి అలవాటుతో బొమ్మ అంచుల్ని ఇప్పటికీ కత్తిరిస్తాయి, దాంతో టాస్క్‌బార్ సగం కనబడకుండా పోతుంది. చాలా బ్రాండ్లలో ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అని పేరు పెడితే రెండూ సర్దుకుంటాయి.

టీవీ నిజంగా గెలిచే చోటు బొమ్మ అందం. ఐపీఎస్ రకం ప్యానెల్ ఉన్న సాధారణ మానిటర్‌లో తెలుపు నలుపుల తేడా సుమారు 1000:1. టీవీల్లో ఎక్కువగా వాడే వీఏ ప్యానెల్‌లో అది 3000 దాటుతుంది. ఓలెడ్‌లో పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి నలుపు నలుపుగానే ఉంటుంది. చౌక మానిటర్ల మీద కనిపించే డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 ముద్రకు వెనక లైట్లను చోటును బట్టి మసకబార్చే ఏర్పాటు కూడా అక్కర్లేదు, దాన్ని నమ్మి కొనకూడదు. కంట్రోలర్ చేతబట్టి, కథ ఉన్న ఆటను తీరిగ్గా, ఇద్దరు ముగ్గురు కలిసి ఆడేవాళ్లకు 120 హెర్ట్జ్ టీవీ ఇచ్చే ఆనందం ఏ చిన్న మానిటరూ ఇవ్వలేదు. కంట్రోలర్ పుల్లతో దృశ్యం మౌస్‌తో తిరిగినంత నేరుగా తిరగదు, కనుక కొద్దిపాటి ఆలస్యం అంతగా బాధించదు. ఎల్‌జీ 2022లో సి2 వరుసలో 42 అంగుళాల ఓలెడ్ టీవీ తెచ్చాక లోతైన బల్ల ఉన్నవాళ్లకు మధ్యేమార్గం కూడా దొరికింది. కానీ రోజంతా కదలని టాస్క్‌బార్ కాలక్రమేణా ఓలెడ్ మీద మరక వేయగలదు.

కాబట్టి బల్ల ముందు కూర్చుని మౌస్, కీబోర్డుతో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తుపాకీ ఆటలు ఆడేవాళ్లు అదే డబ్బుకు పెద్ద టీవీ వస్తున్నా 24 లేదా 27 అంగుళాల, 144 హెర్ట్జ్‌కు తగ్గని మానిటర్‌నే కొనుక్కోవాలి. సోఫాలో కంట్రోలర్‌తో ఆడేవాళ్లు హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న 120 హెర్ట్జ్ టీవీ తీసుకోవచ్చు, దానికి డబ్బు చాలకపోతే 60 హెర్ట్జ్ టీవీతో సరిపెట్టుకోకుండా ఆగడం మేలు. కొనేముందు ఆ మోడల్‌లో గేమ్ మోడ్ ఇన్‌పుట్ లాగ్ ఎంతో, ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేట్ ఎంతో, ప్రతి పిక్సెల్‌కూ విడిగా రంగు సమాచారం ఉండే 4:4:4 సిగ్నల్ తీసుకుంటుందో లేదో కనుక్కోండి, ఆ తరువాతే అంగుళాల గురించి అడగండి.