నిర్బంధంలో మరణం - న్యాయమైన శిక్ష

పౌరుని ప్రాణాన్ని కాపాడవలసిన చోటనే ఆ ప్రాణం పోయినప్పుడు, దోషి తప్పించుకోరాదని ప్రజలు కోరడం సహజం. శిక్ష వెంటనే, వీలైనంత కఠినంగా పడవలెనని కోరడమూ సహజమే. అయితే ఈ రెండు కోరికలూ ఒకటి కావు. ఈ భేదాన్ని హైదరాబాదు చరిత్రలోని ఒక ఘటన ద్వారా వివరించదలచినాము.

1978లో నల్లకుంట పోలీస్ స్టేషనులో ఒక రిక్షా కార్మికుని భార్యపై అత్యాచారం జరిగినదన్న, ఆ కార్మికుడు పోలీసుల దెబ్బలకు మరణించినాడన్న వార్తతో నగరం అట్టుడికిపోయింది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులనే దోషులుగా పేర్కొన్నది. తరువాత ఆ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయినది. 1981లో అక్కడి న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది.

ఒక సంఘం దోషులన్న వారిని న్యాయస్థానం విడిచిపెట్టడ మెట్లు సాధ్యం? విచారణ సంఘం ప్రభుత్వానికి అభిప్రాయం నివేదిస్తుంది, శిక్ష విధించలేదు. న్యాయస్థానం సాక్ష్యాన్ని తిరిగి మొదటినుండి పరిశీలించి, సందేహానికి తావు లేనప్పుడే శిక్షిస్తుంది. కాని లాకప్పులో సాక్షులు నిందితుల సహోద్యోగులే. రికార్డులూ వారి చేతిలోనివే.

ఉత్తర ప్రదేశ్‌కు చెందిన రామ్ సాగర్ యాదవ్ కేసులో పరిస్థితి వేరు. దెబ్బలు తిన్న వ్యక్తి చనిపోవుటకు ముందు చెప్పిన మాటలను మేజిస్ట్రేటు నమోదు చేసినాడు. ఆ వాఙ్మూలం ఆధారంగా 1985లో సుప్రీంకోర్టు పోలీసులను దోషులుగా నిర్ణయించింది. నిర్బంధంలో గాయమైనచో దానికి పోలీసు అధికారియే కారకుడని న్యాయస్థానం భావించవచ్చునని లా కమిషన్ అదే సంవత్సరం తన 113వ నివేదికలో సూచించింది. ఆ సూచన చట్టం కాలేదు.

నీలబతి బెహరా కేసులో 1993లో సుప్రీంకోర్టు మృతుని తల్లికి లక్షా యాభైవేల రూపాయల పరిహారం ఇప్పించింది. పరిహారం కుటుంబానికి ఆసరా. అది శిక్షకు బదులు కాజాలదు. బదిలీ, సస్పెన్షన్ అసలే శిక్షలు కావు. డి.కె. బసు కేసులో అరెస్టు పత్రం, బంధువులకు సమాచారం, 48 గంటలకొకసారి వైద్య పరీక్ష తప్పనిసరి అయినవి. నిర్బంధ మరణంపై మేజిస్ట్రేటు విచారణ జరుపవలెనని 2005లో చట్టాన్ని సవరించినారు. ఇవన్నీ సాక్ష్యం చెరిగిపోకుండా చేసిన ఏర్పాట్లే.

ఇక న్యాయమైన శిక్ష అనగానేమి? కొట్టినవాడు, కొట్టుమని ఆజ్ఞాపించినవాడు, చూచి మిన్నకున్నవాడు, తప్పుడు రికార్డు వ్రాసినవాడు - వీరందరి నేరం ఒకే తూకం కాదు. ఒక కానిస్టేబులును బలియిచ్చి పై అధికారిని కాపాడుట ఎంత అన్యాయమో, స్టేషనులో ఉన్న పాపానికి అందరినీ ఉరితీయుమనుట అంతే అన్యాయం. మృతునికి దక్కని నిష్పాక్షిక విచారణ నిందితునికి దక్కవలెను. అప్పుడే చట్టానికీ లాఠీకీ భేదం నిలుస్తుంది.

విద్యార్థి మిత్రులారా! ఇట్టి సమయాలలో మన ఆగ్రహం ధర్మబద్ధమే. కాని శవపరీక్ష జరిగినదా, మేజిస్ట్రేటు వచ్చినాడా, మృతుని బంధువుల వాఙ్మూలం నమోదైనదా అని మొదటి రోజుననే అడిగినప్పుడు మాత్రమే ఆ ఆగ్రహం న్యాయస్థానం వరకు చేరగలదని మా విశ్వాసం.