బొర్రా కొండదారులు

మన నాగాయలంక ప్రాంతమున ఎంత లోతు త్రవ్వినను ఒండ్రుమట్టియు నిసుకయు నుప్పునీరునే గాని రాయి దొరకదు. పూర్వము గోడలకు వెల్లవేయు సున్నము సైతము గుల్లలు కాల్చి చేసికొనినదే. అట్టి సీమవారికి, కడుపునిండ సున్నపురాయిని దాచుకొని పైన నడవిని కప్పుకొనిన కొండ వింతగాక యుండునా?

విశాఖపట్టణమునకు సుమారు 90 కిలోమీటర్ల దూరమున, అనంతగిరి కొండలలో బొర్రాగుహలు కలవు. సొరంగములు దాటుచు పోవు కిరండూలు రైలుమార్గమున అచ్చటనే స్టేషను కలదు. లోపల వ్రేలాడు రాతియూడలను జూచి శిల్పి చెక్కెనా యని భ్రమింతుము. మనయింట నీళ్లుకాచు కాగులో నడుగున తెల్లని పెచ్చు కట్టుట యెరుగుదుము గదా, ఇదియు నాజాతిదే. వాననీరు కుళ్లిన యాకులలోనుండి యింకుచు కొంత పులుపెక్కి, సున్నపురాయిని కరగించుకొని, గుహలో చుక్కచుక్కగా జారి మరల రాయియగుచున్నది. వ్రేలెడు పెరుగుటకు తరములు గడచును. ఈ పనికి ఆకు కావలెను, అనగా అడవి కావలెను. అచ్చటి రంగురంగుల విద్యుద్దీపములు మాత్రము నాకు రుచింపలేదు.

మేయబోయిన ఆవొకటి రంధ్రమున బడగా, దానిని వెదకుచు దిగిన కాపరికి శివలింగము కనబడెనని గిరిజనులు చెప్పుదురు. ఈ కొండలలో పుట్టి గుహలలోనుండి పారు గోస్తనీనదికి ఆవుపొదుగు పేరు వచ్చుట యందువలననే యట.

గుహలు చూచి మరలిపోక, నడువగలవారు కటికి జలపాతమువరకు పోవలెను. వానకాలమున బాట జారును గావున కార్తీకము దాటిన పిదప, గూడెమువారిని తోడు గొని పోవుట మేలు. ఆ బాటలు విహారమునకై వేసినవి కావు. నీటికిని కట్టెలకును గూడెముల స్త్రీలు నడచి నడచి యరగదీసినవి.

ఈ బొర్రా పంచాయతీ భూములలోనే ఖనిజములు త్రవ్వుటకు బయటివారికి ప్రభుత్వము కౌలుపట్టాలిచ్చెను. గిరిజనుల పక్షమున 'సమత' యను సంస్థ న్యాయస్థానమున కెక్కెను. 1997 జూలైలో సుప్రీముకోర్టు, షెడ్యూల్డు ప్రాంతములందలి ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు గాని ప్రైవేటు కంపెనీలకు గాని గనులకై కౌలుకిచ్చుట చెల్లదని తీర్పుచెప్పెను. గిరిజనుల సహకార సంఘములు త్రవ్వుకొనవచ్చుననియు సెలవిచ్చెను. దేశమందలి యితర గిరిజనులును ఆధారముగా జూపు తీర్పిది; పుట్టినది మాత్రము ఈ కాలిబాటల నడుమ.

గోస్తని యచ్చటినుండి దిగి తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖపట్టణపు కుళాయిలకు కొంత నీరిచ్చి, మిగిలినదానితో భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియుచున్నది.